జిగురంటిన ముద్ద

అతంపుగ్రె గాజుపలక మీద ఊదారంగు పోసి, నిమిషం ఆగి కడిగాడు. తర్వాత అయోడిన్, స్పిరిట్, చివర ఎర్రరంగు. ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లుగా అదే వరస. గోళ్లు ఎప్పుడో ఊదాగా మారిపోయాయి. పొడిగాలికి పగిలిన పెదవులకు షియా వెన్న రాసుకుని మైక్రోస్కోపు మీదికి వంగాడు.

ఈ గాలి మొదలైందంటే మా వైపు మెడ బిగిసే జ్వరం వచ్చి కూర్చుంటుంది, పాడు జ్వరం! ఇవాళ్టి వెన్నునీరు నర్సు బయోర్ మనవరాలిది, నాలుగేళ్ల ఫిలోమినాది. ఏ పురుగో తేలితేగాని ఏ సూదో తేలదు.

బయోర్ దగాబా జాతివాడు, ఇతను ఫ్రాఫ్రా. ఆ రెండు జాతులకూ తిట్లే పలకరింపు; కుక్కతల కూర దొంగిలించింది నువ్వంటే నువ్వని వేళాకోళం. అలాంటిది పొద్దున సీసా చేతికిచ్చి బయోర్ నోరు మెదపలేదు.

"ఏంరా కుక్కతలల దొంగా, నోరు పడిపోయిందా?"

"చూడరా. పిల్ల కళ్లు తెరవట్లేదు."

మైక్రోస్కోపులో, పురుగుల్ని మింగే తెల్లకణాలు గుంపులుగా ఉన్నాయి. అన్నీ ఖాళీ పొట్టలే. భోజనాల వేళ దాటినా అతను లేవలేదు. "ఒక్కటైనా తినండర్రా, మీకు దణ్ణం పెడతా," అని ఆ కణాలను బతిమాలాడు.

చివరికొక కణం పొట్టలో కనిపించాయి, జంటలు జంటలుగా, చిక్కుడు గింజల్లా ఎర్రటి పురుగులు.

"దొరికాయిరోయ్!"

బయోర్ పరుగెత్తుకొచ్చి చూశాడు. "ఇన్నిట్లో ఈ పురుగునెలా పట్టిందిరా ఈ కణం?"

"ఉత్త సంకటి నీ గొంతు దిగుతుందా? నెత్తురే పురుక్కి బెండకాయ పులుసు పూస్తుంది. ఆ జిగురు తగిలిందా, ఈ కణం గుర్తుపట్టి, చుట్టూ చేతులు చాపి, నమలకుండా గుటుక్కున మింగేస్తుంది. అచ్చం నీలాగే, తిండిపోతు!"

బయోర్ ఆ రోజు మొదటిసారి నవ్వి, సూది కోసం పరుగెత్తాడు. అతంపుగ్రె ఎడమ భుజం నొక్కుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

నాలుగింటికి ఫిలోమినా కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఆ మాట చెప్పడానికి బయోర్ వచ్చేసరికి అతంపుగ్రె బల్ల మీద చెంప ఆనించి ఉన్నాడు. చెయ్యి చల్లగా తగిలింది.

పోయినవాణ్ణి వేళాకోళం చెయ్యాల్సింది ఎదుటి జాతివాళ్లే. అది ఆచారం.

"లేవరా దొంగా, ఏం నాటకాలు! పని తప్పించుకోడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకలేదూ?" అంటూ బయోర్ పక్కనే చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

బల్ల మీద ఆ గాజుపలక ఉంది. పేరు రాయాల్సిన చోట పెన్సిలుతో వంకర అక్షరాలు: "కుక్కతలల దొంగ మనవరాలు. బతుకుతుంది."