మొదటి ర్యాంకులో చిరుత

భోజనాల బల్ల మీద ఒలికిన నీళ్ళలో వేలు ముంచి చిన్నకోడలు ఏదో గీస్తోంది. గీసి, చెరిపి, మళ్ళీ గీస్తోంది. పక్కనే ఉన్న ఫోన్ ఒక మాట పలికితే తనూ అలాగే పలుకుతోంది. ఎదురుగా కూర్చుని యూనిఫాంకి గుండీ కుట్టుకుంటున్న పెద్దకోడలు చాలాసేపు ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఏంటే ఆ పిచ్చి గీతలు? బల్లంతా తడి చేస్తున్నావు!"

"జపనీస్ అక్షరాలక్కా. ఇదిగో, ఇది 'అ'. చూడు, ఎన్ని వంకరలు తిరిగిందో!"

"తిరుగుతుంది, తిరుగుతుంది. ఇలాగే కూర్చుంటే నీ బుర్ర కూడా తిరుగుతుంది," అని పెద్దకోడలు నవ్వింది. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

చదువరులారా, బయటినుంచి చూసేవాళ్ళకి ఇది ముచ్చటైన సంసారం. తోడికోడళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సులో ఒకే ఫ్యాక్టరీకి వెళ్ళొస్తారు. అక్కాచెల్లెళ్ళు కూడా ఇంత సఖ్యంగా ఉండరని వీధి వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. కడుపులో మంట ఉన్నంత మాత్రాన ముఖంలో పొగ కనబడాలని ఎక్కడైనా రాసుందా?

అది ఫ్యాన్లకి మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీ. వాళ్ళిద్దరిదీ క్వాలిటీ టేబుల్. బెల్టు మీద వచ్చే ప్రతి మోటారునీ తిప్పి చూడాలి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి, బాగోకపోతే పక్కన పెట్టాలి. షిఫ్టంతా నిలబడే పని. పెద్దకోడలు ఆ టేబుల్ దగ్గర చాలా ఏళ్ళుగా నిలబడింది. సాయంత్రానికి మోకాళ్ళు బూరెల్లా పొంగుతాయి. తోడికోడలికి ఆ ఉద్యోగం ఇప్పించింది తనే, దగ్గరుండి పని నేర్పిందీ తనే.

ఇంతలో జపాన్ నుంచి కొత్త మెషీన్లు వస్తున్నాయన్నారు. వాటిని బిగించే ఇంజనీర్లతో నాలుగు ముక్కలు మాట్లాడగలిగిన ఆడమనిషిని, పరీక్ష పెట్టి, లైన్ లీడర్‌గా వేస్తామన్నారు. పగటి షిఫ్టు మాత్రమే ఉంటుంది, కుర్చీలో కూర్చుని చేసే పని. కుర్చీ అన్న మాట వినగానే పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. ఆ కుర్చీ తనదేనని ఆ క్షణమే అనుకుంది.

అందరినీ కూర్చోబెట్టి ట్రైనింగ్ మేడమ్ ఒక మాట చెప్పింది. తల నెరిసిన మనిషి, ఎవరినీ కసురుకోదు. "మీరంతా ఓనమాల నుంచి మొదలుపెట్టాల్సినవాళ్ళు. పది యాప్‌లు పెట్టుకుని పరుగులు తీయకండి. అక్షరాలు రాయించేది ఒకటి, విని పలికించేది ఒకటి చాలు. హుషారు కోసం ఈ ఆటల యాప్‌లో మనకో గ్రూపు పెట్టాను, ఏ పేరుతోనైనా చేరొచ్చు, ఎవరి పాయింట్లు ఎన్నో అందరికీ కనిపిస్తాయి."

చిన్నకోడలు అర డజను యాప్‌లు దించి, ఒక్కోదాన్నీ కాస్త వాడి చూసి, తనకి కుదిరినవి రెండు ఉంచుకుని మిగతావి తీసేసింది. మరి పెద్దకోడలు ఏం చేసిందనుకున్నారు? చెల్లెలి వరసైన చిన్నకోడలు ఫోన్ బల్ల మీద పెట్టినప్పుడల్లా ఓరకంట చూసి, కనబడ్డ ప్రతి యాప్‌నీ తన ఫోన్‌లో దించుకుంది. చెల్లెలు తీసేసినవి కూడా ఉంచుకుంది. ఒకటి తెరిస్తే పెద్ద పెద్ద చదువులవాళ్ళకి రాసిన వ్యాసాలు. ఇంకోటి తెరిస్తే ఆఫీసు ఉత్తరాలు. ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు! పోనీ, మొదట ఏది నేర్చుకోవాలని పక్క కుర్చీలో ఉన్న మనిషిని అడగొచ్చుగా? అమ్మో, అడగడమే! తను చేయిపట్టి పని నేర్పిన పిల్లని అడిగితే పరువేం కావాలి?

ఆటల యాప్ తెరిచిన రోజు ఆమె ఒళ్ళు భగ్గుమంది. గ్రూపులో అందరికంటే పైన చెల్లెలుంది. మామూలుగా తన పాఠం తను చదువుకుంటూ పోయినందుకే అన్ని పాయింట్లు వచ్చాయి. పెద్దకోడలు ఆ పేరు వంక చూసి చూసి, తనూ చేరింది. సొంత పేరుతో చేరి కింద నిలబడడానికి మనసొప్పక 'చిరుత' అని పేరు పెట్టుకుంది.

ఇద్దరి గదులకీ మధ్య గోడ పలచన. చప్పుడు వినిపిస్తే గుట్టు బయటపడుతుందని ఫోన్‌లో సౌండ్ తీసేసింది. విని జవాబు చెప్పాల్సిన ప్రశ్న వస్తే 'ఇప్పుడు వినడం కుదరదు' అన్న మీట నొక్కేది. పాపం, యాప్ కూడా మంచిదే, ఏమీ అనకుండా వదిలేసేది. కొత్త పాఠాలు కష్టంగా ఉన్నాయని మొదటి పాఠాన్నే మళ్ళీ మళ్ళీ చేసేది. నాలుగు జవాబుల్లో ఏది నొక్కాలో వేలికి అలవాటైపోయింది. పాయింట్లు వరదలా వచ్చిపడ్డాయి. చిరుత చెల్లెల్ని దాటేసింది.

"ఎవరో అక్కా ఈ చిరుత!" అంది చిన్నకోడలు బస్సులో. "నేను ఎంత చేసినా నా నెత్తిమీదే ఉంటుంది. అసలు నిద్రపోతుందంటావా?"

"ఎవరో తెలివైనదే అయ్యుంటుంది," అంది పెద్దకోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ. లోపల మాత్రం పండగే.

ఈర్ష్య అంటుకునే జబ్బండీ. ఆ పిల్లకీ అంటుకుంది. నీళ్ళలో అక్షరాలు దిద్దడం మానేసింది. ఫోన్‌తో పాటు పలకడం మానేసింది. చిరుతని దాటాలన్న పంతంతో తనూ పాయింట్ల వెంటపడింది. "దానికెందుకు రావాలి, నాకెందుకు రాకూడదు?" అని అన్నం ముందు కూర్చుని కూడా కుళ్ళుకునేది. దాటలేకపోయింది. చివరికి పరీక్షకి ముందురోజు వెళ్ళి జాబితాలో తన పేరు కొట్టేయించుకుని వచ్చింది.

"నా బుర్రకి ఎక్కదులే అక్కా. ఆ మనిషి ముందు నేనెంత?"

అప్పుడైనా 'ఆ చిరుతని నేనే' అని ఒక్క మాట చెప్పి ఉంటే కథ మరోలా ఉండేది. పెద్దకోడలు ఆమె వీపు నిమిరింది. "పోనీలేవే. అందరికీ అన్నీ వచ్చేస్తాయా ఏంటి?" అంది.

పరీక్షరోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో జపాన్ ఇంజనీరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ట్రైనింగ్ మేడమ్ లేచింది. "గ్రూపులో అందరికంటే పైనున్న చిరుత ఎవరో మాకూ తెలీదు. ముందు ఆవిడతోనే మొదలుపెడదాం. రండమ్మా."

పెద్దకోడలు లేచింది. హాలంతా చప్పట్లు. చిన్నకోడలి చేతులు మాత్రం కలవలేదు.

ఇంజనీరు చిరునవ్వుతో వంగి నమస్కరించి, "ఒనమాయె వా?" అన్నాడు.

పెద్దకోడలు మేడమ్ వంక చూసింది. ఏమన్నాడు? ఆ మాటని యాప్‌లో వెయ్యిసార్లు చూసి ఉంటుంది. కానీ చెవితో వినడం ఇదే మొదటిసారి. నొక్కడానికి నాలుగు జవాబులు కూడా ఎదురుగా లేవు. ఆయన ఇంకా నెమ్మదిగా మళ్ళీ అడిగాడు. ఆమె వేలు గాల్లోనే ఏదో మీట కోసం వెతికింది.

"మీ పేరడుగుతున్నారమ్మా," అంది మేడమ్ మెల్లగా.

ఎవరో కిసుక్కున నవ్వారు. తన పేరు తను చెప్పుకోలేక పెద్దకోడలు తల కొట్టేసినట్టు నిలబడింది. వెనక వరసలో చిన్నకోడలి పెదాలు కదిలాయి. ఆయన మొదటిసారి అడిగినప్పుడే ఆమెకి అర్థమైంది. జవాబూ వచ్చు. కానీ ఆమె పేరు జాబితాలో లేదు.

ఆ తర్వాత వెళ్ళినవాళ్ళదీ అదే వరస. అందరూ చిరుతని చూసి పాయింట్ల వెంట పరిగెత్తినవాళ్ళే. చివరికి లైన్ లీడర్‌ని బయటినుంచి తెచ్చుకుంటామని చెప్పేశారు.

లాకర్ల గదిలో మేడమ్ పెద్దకోడల్ని ఆపి అసలేం జరిగిందని అడిగింది. గుట్టంతా కక్కేసిన పెద్దకోడలు, "నన్ను వదిలేయండి మేడమ్, మా చెల్లెల్ని ఒక్కసారి పిలిచి చూడండి. దానికి వచ్చు," అని బతిమాలింది.

"బయటి మనిషి కోసం ఉత్తరం వెళ్ళిపోయిందమ్మా, ఇక నా చేతుల్లో లేదు," అంది మేడమ్. "గ్రూపు పెట్టింది నేను, తప్పులో నాకూ వాటా ఉంది. కానీ ఒక్కటి చెప్పు. యాప్ ఎంచుకునేటప్పుడు నాకేం రాదు, నాకేం కావాలి అని చూసుకోవాలా, పక్కమనిషి ఫోన్‌లో ఏముందని చూడాలా? నీకు రానిది ఏమిటో ఆ పిల్ల ఫోన్‌లో ఎలా దొరుకుతుంది?"

పెద్దకోడలు పక్కకి తిరిగింది. గుమ్మం దగ్గర చిన్నకోడలు సంచీ పట్టుకుని నిలబడి ఉంది. అంతా వింది.

"నువ్వని తెలిస్తే ఓడిపోయినా నవ్వుకునేదాన్ని అక్కా," అంది. "ఎవరో మహా తెలివైనదనుకుని, నేనెందుకూ పనికిరానని ఏడ్చాను. నీ పక్కన కూర్చునే ఏడ్చాను."

"తప్పయిపోయిందే. ఇన్నాళ్ళూ నేను నేర్చుకున్నది నిన్ను ఓడించడమొక్కటే."

"అదైతే బాగా నేర్చుకున్నావు," అని చిన్నకోడలు బస్సు వైపు నడిచింది. ఆ రోజు బస్సులో ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు. మర్నాడు పొద్దున్న ఇద్దరూ మళ్ళీ అదే టేబుల్ దగ్గర నిలబడ్డారు, కొన్నాళ్ళకి కొత్త లైన్ లీడర్ వచ్చి కుర్చీలో కూర్చుంది.

చదువరులారా, మీ ఇంట్లో ఎవరైనా కొత్త చదువు మొదలుపెడితే, మీకు ఎంత కడుపుమంటగా ఉన్నా సరే, పక్కన కూర్చుని "నాకూ నేర్పవే" అని అడగండి. ఆ ఒక్క మాట అడగలేకపోయినందుకే ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఇంకా నిలబడే ఉన్నారు.