ఉలిక్కిపడని పిల్ల

ఆమెకు మొగుడి దెబ్బలంటే అంత భయం లేదు. ఆ దెబ్బల చప్పుడుకు కూతురు అలవాటు పడిపోతుందేమోనన్నదే లోపల్లోపల ఆమెను తినేస్తున్న భయం.

పిల్లకు నాలుగో ఏడు. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. వేసవి సెలవుల్లో కాలేజీ సైకాలజీ విభాగం వాళ్ళు డిగ్రీ పిల్లలకు పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పుతున్నారు. ఆడుకునే పసివాళ్ళు చప్పుడైతే ఏం చేస్తారో గమనించడం వాళ్ళ పని. వాళ్ళలో ఒకమ్మాయి పిల్లల డాక్టరు దగ్గర కనబడి, పిచ్చుకనూ తీసుకురమ్మంది. పెళ్ళాన్ని ఒంటరిగా గుమ్మం దాటనివ్వడు కనుక మొగుడూ వెంట వచ్చి వరండాలో కూర్చున్నాడు.

తల్లిని పక్కగదిలో కూర్చోబెట్టారు. ఆ గది కిటికీ అటువైపు నుంచి అద్దంలా ఉంటుంది; పిల్లకు తల్లి కనబడదు. పిచ్చుక బొమ్మకు జడ వేసుకుంటోంది. శిక్షణలో ఉన్న ఆ అమ్మాయి వెనకనుంచి స్టీలు పళ్ళెం ఒకటి దభాలున నేలకేసింది.

మిగతా పిల్లలైతే ఉలిక్కిపడతారు, ఏడుస్తారు, వెనక్కి తిరిగి నవ్వుతారు. పిచ్చుక తలైనా తిప్పలేదు. బొమ్మను చంకన పెట్టుకుని బల్ల కిందికి దూరి, అరచేత్తో దాని నోరు గట్టిగా మూసింది.

కిటికీ ఇవతల తల్లి లేచి తలుపు వైపు పరిగెత్తింది.

ఆ అమ్మాయికి పని కొత్త. బిడ్డలో ఏం చూశారో తల్లికీ తండ్రికీ ఒకేలా చెప్పాలని వాళ్ళకు నేర్పారు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే వరండాలోకి వచ్చి అప్పజెప్పింది.

"సార్, మీ పాప అస్సలు ఉలిక్కిపడలేదండీ! బల్ల కిందికెళ్ళి బొమ్మ నోరు మూసేసింది. ఇంట్లో చప్పుళ్ళు ఎక్కువాండీ?"

వెనక నిలబడి తల్లి వద్దు వద్దని తల ఊపుతూనే ఉంది.

"మా ఆవిడ చేతిలో గిన్నె నిలవదమ్మా, అదీ సంగతి" అని నవ్వాడతను. నవ్వుతూనే పెళ్ళాం మోచేతిని ఎముక నలిగేలా పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే తలుపు గడియ పడింది. ముందు చెంప మీద, తర్వాత కడుపులో. జుట్టు పట్టుకుని తలను గోడకేసి బాదాడు. ఆమె నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

"నా పరువు బజారుకీడుస్తావటే?"

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు రోజూలాగే ఎగదోసింది. "అద్దాల గదుల్లో కూర్చోడానికి నువ్వేమన్నా కలెక్టరువా? బడి మధ్యలో మానేసిన మొహం! పడు."

అప్పుడతను పెళ్ళాన్ని వదిలి భోజనాల బల్ల వైపు తిరిగాడు. దాని కింద నక్కిన పిచ్చుకను చెయ్యి పట్టి లాగి గది మధ్య నిలబెట్టాడు. పళ్ళెం ఎత్తి పిల్ల కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు.

"ఉలిక్కిపడవే!"

పిల్ల కదల్లేదు. గాజుగ్లాసు విసిరాడు. పెంకు ఎగిరి పిక్క మీద చీరుకుపోయింది.

"అక్కడ పరువు తీశావుగా? ఇప్పుడు ఉలిక్కిపడు, చూస్తాను!"

పిచ్చుక తన నోరు తనే మూసుకుంది. అతను బెల్టు విప్పాడు.

తల్లి చేతికి కుక్కరు దొరికింది. ఉన్న బలమంతా పెట్టి అతని భుజం మీద వేసింది. తూలిపడినవాడు పళ్ళు కొరుకుతూ లేచి ఆమె గొంతు పట్టుకున్నాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. అంతలో పట్టు సడలింది. అత్తగారు వెనకనుంచి కొడుకు నడుం వాటేసుకుని వేలాడుతోంది.

"మీ నాన్న చేతిలో నేను చచ్చింది చాల్లేదురా? పసిదాన్ని కూడానా? ఒసేయ్ మొద్దూ, గుడ్లప్పగించి చూస్తావేం? పిల్లనెత్తుకుని పో!"

"అత్తయ్యా, మరి మీరు..."

"నా సంగతి నీకెందుకే? పో!"

ఆమె గడియ తీసి చెప్పులైనా లేకుండా మెట్లు దిగింది. ఆమె వెనకాలే తలుపు ధడేలున మూసుకుంది. లోపల ఏదో బరువుగా పడింది. పిచ్చుక ఒళ్ళంతా అదిరిపడి, తల్లి మెడ కరుచుకుని, వీధంతా వినబడేలా "నానమ్మా!" అని ఏడ్చింది.

ఇప్పుడు తల్లీబిడ్డలు ఆ పరిశోధన నేర్పే కాలేజీ మేడం ఇంట్లో ఉన్నారు. నోరు జారిన ఆ అమ్మాయే పిల్ల కాలికి కట్టు మారుస్తోంది. పోలీసులు అత్తగారింటికి వెళ్ళారు. కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడి, అమ్మ పడుకుందండీ అన్నాడట. సరేనని తిరిగొచ్చేశారు. అక్కడ ఫోను ఎవరూ ఎత్తడం లేదు.

వాళ్ళ ఇల్లు మందుల దుకాణం పైన, మేడ మీది వాటా. మీరు అటు వెళితే నలుగురు కలిసి మెట్లెక్కండి. కొడుకు ఏం చెప్పినా నమ్మకండి. పెద్దావిడ మొండిది, పిలవగానే పలకదు. కోడలు పంపిందంటే మాత్రం తిడుతుంది. ఆ తిట్లు చెవులారా వినేదాకా గుమ్మం వదలకండి.