సొట్ట చెప్పిన వేగం

"ఈ తాళం ఇక నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు నాగవంశీ, నేను పెనం మీద దోసె తిరగేస్తుంటే. పదకొండేళ్ల కాపురంలో కారు తాళం నా చేతికి రావడం అదే మొదటిసారి. లైసెన్సు నాకూ ఉంది. "ఆఫీసులో బొమ్మ కార్లు గుద్దుకుంటున్నావుగా, చాల్లే. నా కారు ముట్టుకోకు," అనేవాడు.

రుషికొండలో ఒక వీడియో గేమ్ కంపెనీలో నా పని అదే. ఏ వేగంలో బంపరు ఊడాలి, ఏ వేగంలో బానెట్ మడత పడాలి, సొట్ట నిజం కారులాగే పడుతోందా లేదా చూసి తప్పులు రాయడం.

ఆదివారం సాయంత్రం భీమిలి రోడ్డు మీద మా కారు గంగాలమ్మ అనే చేపలమ్మే ఆవిడను గుద్దింది. తొడ ఎముక విరిగింది. నడుపుతున్న నాగవంశీ ఆగలేదు. ఎవరో నంబరు చూశారు. మంగళవారం స్టేషన్‌కు రమ్మన్నారు.

"ముప్పైలోనే ఉన్నాను ఇంద్రజా. తనే అడ్డొచ్చింది. నువ్వు నడిపావని చెప్పెయ్. ఆడవాళ్లని వదిలేస్తారు. కేసైతే నా ప్రమోషన్ పోద్ది."

"నీది ఎలాగూ ఆటల ఉద్యోగమే కదమ్మా," అంది అత్తగారు నాగమణి, చట్నీ వడ్డించుకుంటూ. "ఇంటి కోసం ఆ మాత్రం చెప్పలేవా?"

చెప్పగలను. ఇంతకుముందూ చెప్పాను. పిల్లలు లేనిది ఆయన వల్లేనని రిపోర్టు వచ్చినా, లోపం నాదేనని చుట్టాలందరికీ చెప్పింది నేనే. ఆ రిపోర్టు ఇప్పటికీ నా చీరల కింద ఉంది.

కారు మీది కవరు తీశాను. ఎడమ హెడ్‌లైటు గుంటలో చేప పొలుసులు ఎండి అతుక్కుని ఉన్నాయి. బానెట్ మీద చేటంత సొట్ట. ఫోటో తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. మా ఆటలో మనుషులుండరు. మనిషంత ఎత్తూ బరువూ ఉన్న మెత్తటి దిమ్మ నిలబెట్టి, మా కారులాంటిదాన్ని దాని మీదికి వదిలాను. ముప్పైలో బంపరు మీద గీత. యాభైలో లైటు పగిలింది. డెబ్బై అయిదులో ఫోటోలోని సొట్టే. అదే మూల, అదే మడత. నమ్మబుద్ధి కాక నలభై సార్లు గుద్దించాను. ప్రతిసారీ ఒక బటన్ నొక్కితే కారు కొత్తదైపోయేది. మా ఇంట్లో ఆ బటన్ నేనే.

మంగళవారం స్టేషన్‌లో గంగాలమ్మ చెల్లెలు పోతమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది.

"నువ్వేనేటి తోలింది?" అని నన్ను ఎగాదిగా చూసింది. "మా అప్ప రోడ్డు పక్కనే నడుస్తందమ్మా. పడిపోతే సుక్క నీళ్లయినా పొయ్యాలి కదా. ఆడకూతురివి, నువ్వు కూడా అలగెల్లిపోనావేటి?"

నాగవంశీ నా మోచేయి నొక్కాడు. ఎస్సై కాగితం నా ముందుకు తోశాడు. "జరిగింది రాయండమ్మా."

నాకు రాయడం వచ్చింది ఒక్క పద్ధతిలోనే, ఆఫీసులో రోజూ తప్పులు రాసే పద్ధతి. ఎక్కడ: భీమిలి రోడ్డు. నడిపింది: నా భర్త నాగవంశీ. నేను ఇంట్లో బట్టలు మడతపెడుతున్నాను. వేగం: ఆయన చెప్పింది ముప్పై, సొట్ట చెప్పింది డెబ్బై అయిదు.

ఫ్యాను గాలికి కాగితం ఎగురుతుంటే కారు తాళం బరువు పెట్టాను. మా ఆఫీసు రిపోర్టుల్లో ఆఖరి గడి ఒకటుంటుంది: ఇదే తప్పు మళ్లీ జరుగుతుందా?

నేను అబద్ధం చెబుతున్నంత కాలం, ప్రతిసారీ, అని రాసి సంతకం పెట్టాను.