ఎడమ తలుపు మీద నలుపు

ఆరు నెలలుగా పెయింటర్ ఏ కారుకూ నలుపు వేయలేదు. అడిగేవాళ్లు లేక కాదు. అడిగినవాళ్లకల్లా నూటెనిమిది సాకులు చెప్పి, ఎండకు పెనంలా కాలుతుందని, పిల్లి నడిచినా మచ్చ కనపడుతుందని భయపెట్టి, చివరికి సిల్వర్‌కు ఒప్పించి పంపేవాడు. షెడ్డు ముందున్న బళ్లన్నీ యూనిఫాం వేసుకున్న స్కూలు పిల్లల్లా ఉన్నాయని ఎదురుగా టైర్లు అమ్మే ఆయన వెక్కిరించేవాడు.

అసలు సంగతి వేరు. సిల్వర్, తెలుపు సర్దుకుపోయే రంగులు. రేకులో చిన్నాచితకా ఎత్తుపల్లాలుంటే కడుపులో పెట్టుకుంటాయి. నలుపు దగ్గర ఆ పప్పులు ఉడకవు. అది ఆరగానే అద్దమై కూర్చుంటుంది. పైన ట్యూబ్‌లైటు తిన్నగా ఉన్నా, రేకులో పల్లముంటే అందులో మెలికలు తిరిగి కనపడుతుంది. ఈ మధ్య ఆ షెడ్డులో పల్లాలు ఎక్కువయ్యాయి. అవి బావ చేతి పల్లాలు.

బావ అంటే అక్క మొగుడు, టింకరింగ్ మేస్త్రీ. సొట్టలు తీసి, పుట్టీ పెట్టి, రాచి, రేకును నున్నగా చేయడం అతని పని. దాని మీద రంగు కొట్టడం బావమరిది పని. ఆ బావమరిదికి స్ప్రే గన్ పట్టుకోవడం నేర్పింది కూడా బావే. ఒకప్పుడు కళ్లు మూసుకుని అరచెయ్యి ఆన్చి, వెంట్రుకంత లోతు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. అలాంటి మనిషి ఆరు నెలల కిందట, రేకు అంచుకు వేలు తెగి రక్తం కారుతుంటే, రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత మీద ఎర్రటి చారలు చూసి ఎవరు ఒలకబోశారని విసుక్కున్నాడు. పదేళ్లుగా షుగర్ ఉంది. ఆ వేళ్లకు స్పర్శ పోయిందని పెయింటర్‌కు అప్పుడే అర్థమైంది. చెప్పడానికి నోరు రాలేదు.

చెప్పే బదులు ఇంకో పని చేశాడు. బావ తొమ్మిదింటికి వస్తే తను ఆరింటికే వచ్చి, ముందురోజు బావ చేసినదంతా తడిమి, పల్లాలు నింపి, రాచి, నేల తుడిచి, ఏమీ ఎరగనట్టు టీ తాగుతూ కూర్చునేవాడు. ఎంత దిద్దినా పెయింటర్ చెయ్యి మేస్త్రీ చెయ్యి కాదు గనక నలుపు జోలికి మాత్రం పోలేదు. బావ వచ్చి, తయారైన కారు చూసుకుని, మీసం దువ్వుకునేవాడు. తన చేతి వాసి తగ్గలేదని కస్టమర్లతో చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూస్తే పెయింటర్‌కు తన నిద్ర చెడటం పెద్ద లెక్కలోకి వచ్చేది కాదు.

ఒక ఆదివారం అక్క వచ్చింది. బావ చెప్పులోంచి మేకు పాదంలోకి దిగిందని, రోజంతా అలాగే తిరిగాడని, ఇంటి మెట్ల మీద రక్తం చూసి తనే చెప్పాల్సి వచ్చిందని గబగబా చెప్పింది. డాక్టర్ కట్టు కట్టి, కాళ్లకూ చేతులకూ స్పర్శ పరీక్ష చేయించుకోమన్నాడట. ఈయన ససేమిరా అన్నాడట.

"స్పర్శ పోయినవాడు రేకు మీద ఇలాంటి పని చేయగలడా అని డాక్టర్నే ఎదురడిగాడురా. ఫోన్లో కార్ల ఫొటోలు కూడా చూపించాడు. ఆయన ఇంకేమంటాడు? నాతో మాత్రం ఇలాగే వదిలేస్తే కాలు తీసేయాల్సి వస్తుందన్నాడు. నువ్వైనా చెప్పరా."

డాక్టర్‌కు చూపించిన ఆ ఫొటోల్లో నున్నదనమంతా పెయింటర్ పొద్దుటి పనే. బావకు మేలు చేస్తున్నాననుకుని, బావ కాలికే ఎసరు పెట్టాడు.

మర్నాడు షెడ్డుకు ఒక లాయరమ్మ వచ్చింది. మోజుపడి పాత స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. రెండే సీట్లు, నేలకు అంటుకుపోయినట్టుంటుంది. గేటు స్తంభానికి కొట్టుకుని ఎడమ తలుపు లోపలికి పోయింది. ఎలాగూ బాగుచేయిస్తున్నాను కదా, మొత్తం రంగు మార్పించేద్దామంది. నలుపా సిల్వరా తేల్చుకోలేక, మీరే చెప్పండి అంది. బావ అలవాటు ప్రకారం సిల్వర్ షేడ్ల పుస్తకం తీయబోయాడు.

"నలుపు వేద్దాం మేడమ్," అన్నాడు పెయింటర్.

ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడని బావ నవ్వాడు. సంబరం పట్టలేక అప్పుడే సుత్తి అందుకున్నాడు.

నాలుగు రోజులు కుంటుతూనే తలుపు పని చేశాడు. నాలుగు పొద్దులూ పెయింటర్ ఆరింటికి వచ్చి ఆ తలుపు ముందు కూర్చున్నాడు. గరిటె గుంటంత వెడల్పున, కంటికి ఆనని పల్లాలు రెండు అరచేతికి స్పష్టంగా తగిలాయి. గరుకు కాగితం చేతిలోకి తీసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. దిద్దితే గంట పని. దిద్దకుండా కూర్చోవడం అంతకంటే కష్టమైంది. సొంత బావను నలుగురిలో నిలబెట్టి గాలి తీస్తున్నట్టు సిగ్గేసింది. అయినా గుండె రాయి చేసుకుని ఐదోరోజు నలుపు కొట్టాడు.

రంగు ఆరాక లైట్లు వేశాడు. బావ చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు ముందు ఆగిపోయాడు. తలుపులో ట్యూబ్‌లైటు రెండుచోట్ల వంగింది. తలెత్తి పైన లైటును చూశాడు. కళ్లు మూసుకుని, పైనుంచి కిందకు చెయ్యి ఆన్చి తడిమాడు. ఇంకోసారి తడిమాడు.

"నా చేతికి ఇక్కడేమీ తగల్లేదురా."

"తెలుసు బావా."

"తెలిసే రంగు కొట్టావా?"

పెయింటర్ ప్రైమర్ మీద రక్తం దగ్గర్నుంచి ఆరు నెలల సంగతీ చెప్పేశాడు. బావది ముక్కు మీద కోపం. సుత్తి విసిరినా విసురుతాడనుకున్నాడు. అతను మాత్రం స్టూలు మీద కూర్చుని తన వేళ్లనే చూసుకున్నాడు.

"ఆరు నెలలు నన్ను వెర్రివెంగళప్పను చేశావు," అన్నాడు. "రోజూ వచ్చి నా పని దిద్దినవాడివి, నాకో మాట చెప్పాలనిపించలేదా?"

"చెబితే పని మానేస్తావని భయపడ్డాను. ఇప్పుడు నీ కాలు పోతుందని భయంగా ఉంది. ఆస్పత్రికి పోదాం పద."

లాయరమ్మకు ఫోన్ చేసి, తలుపు మళ్లీ చేయాలని, తప్పు తనదేనని చెప్పి షెడ్డు మూశాడు. బావను స్కూటర్ ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

డాక్టర్ బావను మంచం మీద పడుకోబెట్టి, సన్నటి నైలాన్ పోగు ఒకటి తీశాడు. కళ్లు మూసుకోమని, పాదానికి పోగు తగిలినప్పుడల్లా 'ఆ' అనమని చెప్పాడు. బావ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రేకును తడిమేటప్పుడు లాగే నొసలు ముడిపడింది.

డాక్టర్ బొటనవేలి దగ్గర పోగు ఆన్చాడు. పోగు వంగింది. తర్వాత చిటికెన వేలు, పాదం మధ్య, మడమ. పోగు వంగిన ప్రతిసారీ గోడకు ఆనుకుని నిలబడ్డ పెయింటర్ లోలోపలే 'ఆ' అనుకున్నాడు. రెండో పాదం కూడా అయ్యింది. డాక్టర్ పోగును పళ్లెంలో పెట్టి, కాగితం మీద ఏదో రాసుకోసాగాడు.

"మొదలుపెట్టండి డాక్టరుగారూ, నేను రెడీ," అన్నాడు బావ, కళ్లు తెరవకుండానే.

డాక్టర్ కలం ఆపి పెయింటర్ వైపు చూశాడు.

"అయిపోయింది బావా," అన్నాడు పెయింటర్.