ఏ నేరానికి రప్పిస్తే ఆ నేరానికే

మా తమ్ముడు దివాకర్‌ను అమ్మినోని పేరు విజేందర్. కేతేపల్లి మనిషే. కంప్యూటర్ కొలువని చెప్పి థాయ్‌లాండ్ తోల్కపోయి, సరిహద్దు దాటించి, మయన్మార్‌ల సైబర్ మోసాల ముఠాకు అప్పజెప్పిండు. పారిపోవాలని చూస్తే వాళ్లు తమ్మున్ని కొట్టిన్రు. మూడో దినానికి పానం పోయింది. శవం మా ఊరు పానగల్‌కు రాలే, సచ్చిపోయిండని ఒక కాగితం వచ్చింది. గా వారంలనే విజేందర్ దుబాయ్‌కి ఉరికిండు.

ఆ ఏడే నేను నల్లగొండల లా కాలేజీల చేరిన. వకీలయి పేరు తెచ్చుకుందామని కాదు. ఒక దేశం ఇంకో దేశాన్ని నేరస్తుని కోసం ఎట్ల అడుగుతది, ఆ దేశం ఎప్పుడిస్తది, ఎప్పుడియ్యదు, గదొక్కటే నాకు కావాలె. ఆ పాఠం చెప్పే లియాఖత్ అలీ సార్‌ను క్లాసయినంక గూడ వదిలేదాన్ని కాదు. "జర చాయన్న తాగనియ్ బేటీ" అనేటోడు సార్.

రెండేండ్లకు దుబాయ్‌ల విజేందర్ ఎక్కడున్నడో జాడ దొరికింది. కేసు చూస్తున్న ఎస్ఐ నన్ను పిలిచిండు.

"కరుణమ్మా, మోసం కేసు మీద వాన్ని అప్పగించమని ఫైలు తయారైంది. రేపు పంపుతం."

"మనిషిని అమ్మిన కేసేది సార్?"

"దానికి సాక్ష్యం లేదు గదా. ముందుగాల వాన్ని రానియ్. వచ్చినంక అది గూడ పెడదం."

పెట్టరాదు. ఏ నేరం చెప్పి తెచ్చుకుంటే ఆ నేరానికే విచారించాలె. కొత్తది కలపాలంటే మళ్ల ఆ దేశం ఒప్పుకోవాలె. మోసానికి ఎక్కువల ఎక్కువ ఏడేండ్లు.

"ఆపుండ్రి సార్, సాక్షిని నేను తెస్త" అన్న.

ఇంటికాడ మా నాయిన రామచంద్రం ఊపిరితిత్తులు చెడి మంచం పట్టిండు. సంకెళ్లతోని వాన్ని ఒక్కసారి చూడాలన్నదే ఆయన ఆశ. ఆయనకు ఎట్ల చెప్పాల్నో తెల్వలే.

"నాయినా, ఇప్పుడొస్తే ఏడేండ్లే. ఆగితే బతుకంత జైల్ల ఉంచొచ్చు. కని ఏడాది పడుతది."

ఆయన గోడ దిక్కు తిరిగిండు.

"ఆపు బిడ్డా. నేను చూడకున్నా మంచిదే. వాడు మాత్రం బయటికి రావద్దు."

అదే ముఠా నుంచి బతికి వచ్చిన పరమేష్ అమ్రాబాద్‌ల ఉంటడు. వాన్ని అమ్మింది గూడ విజేందరే. నేను పోతే మొఖం చూడలే.

"నేను గూడ ఫోన్లల మందిని ముంచిన అక్కా. నోరిప్పితే నన్ను లోపలేస్తరు."

"నిన్ను కొట్టి చేయించిన్రు పరమేష్."

రెండుసార్లు వొట్టి చేతులతోనే తిరిగొచ్చిన. మూడోసారి, "నువ్వు చెప్పకపోతే నీ పేరు నేనే పోలీసులకిస్త" అన్న. అది తప్పని తెలుసు. అయినా అన్న. మరుసటి వారం వాడు మెజిస్ట్రేట్ ముందట అంత చెప్పిండు. ఒకనికంటె ఎక్కువమందిని అమ్మినోనికి పదేండ్లకు తక్కువ శిక్ష లేదు, యావజ్జీవం దాక పడొచ్చు.

ఫైలు ఢిల్లీకి పోయింది, అరబ్బీల తర్జుమా అయ్యింది, దుబాయ్ చేరింది. మొత్తం పదకొండు నెలలు. ఏడో నెలల నాయిన పోయిండు. సాయంత్రం కాష్టం కాడికెల్లి వచ్చి, మరునాడు పొద్దుగాల స్టేషన్‌కు పోయి ఫైలు ఎక్కడిదాక వచ్చిందని అడిగిన.

విజేందర్‌ను నల్లగొండ కోర్టుకు తెచ్చినప్పుడు తెల్లంగి తొడుక్కొని నవ్వుకుంట దిగిండు. అమ్మిన కేసు నిలువది, చీటింగే మిగుల్తది, బెయిలొస్తదని వాని ధీమా. జడ్జి మనుషుల అక్రమ రవాణా సెక్షన్ చదివి, పరమేష్ వాంగ్మూలం గూడ చదివిండు. వాడు తన వకీలు దిక్కు చూసిండు. వకీలు తల దించుకున్నడు.

బయటికి తెస్తుంటే ఎదురు పోయి నిలబడ్డ.

"ఏడేండ్లకే వస్తుంటివి విజేందర్. నేనే ఆపిన. నేను దివాకర్ అక్కను."

"అక్కా, నాకు చిన్న పిల్లలున్నరు" అన్నడు.

నాకు జాలి కలగలే. కడుపుల సల్లగయ్యింది. గట్ల సల్లగయినందుకు సిగ్గు గూడ పడలే.

పోయిన నెల యావజ్జీవం పడ్డది. హైకోర్టుకు అప్పీలు పోతడట. పోనియ్. ఇప్పుడు నేను గూడ వకీలునే.