నాన్న పంచిన రివాల్వర్

నాన్న పోతూ పోతూ ఆస్తి పంచిన తీరుకి అమెరికాలోని వయోమింగ్‌లో ఆ చుట్టుపక్కల పశువుల రాంచుల వాళ్ళంతా పగలబడి నవ్వారు. ఒక్క రివాల్వర్‌ని ఇద్దరికి పంచాడు మహానుభావుడు! తుపాకీ, దానికి బిగించే చిన్న తూటాల చక్రం కూతురు వెర్నాకి. అదే తుపాకీకి మార్చి బిగించుకునే పెద్ద తూటాల చక్రం కొడుకు ఆరిన్‌కి. తుపాకీ లేని చక్రం ఏం చేసుకోను, నెత్తిన పెట్టుకోనా అని ఆరిన్ అలిగి టౌన్‌కి వెళ్ళిపోయాడు. మళ్ళీ అక్క గడప తొక్కలేదు.

వెర్నా మాత్రం తక్కువ తిందా? తుపాకుల సంతలో అచ్చం అలాంటి పెద్ద చక్రమే కొనుక్కొచ్చి బిగించింది. అక్కడే బోల్తా పడింది. ఏ చక్రాన్ని ఏ తుపాకీకి అరగదీసి కూర్చోబెడతారో అది దానికే కుదురుతుంది. పేల్చగానే సీసం పెచ్చు పక్కకి చిమ్మి ఆమె చెంప చీరుకుపోయింది. ఆ చక్రాన్ని సొరుగులో పడేసిందే గానీ, తమ్ముణ్ణి అడగడానికి నోరు రాలేదు.

కొన్నేళ్ళకి, మార్చి మంచులో నాన్న గుర్రం, ముసలి జూనిపర్, గేటు దగ్గర నేలలో పరిచిన ఇనప కమ్మీల మధ్య కాలు ఇరికి ఎముక విరగ్గొట్టుకుంది. పశువుల డాక్టరు ఉండేది కనుమకి అవతల, మంచుకి కనుమ మూసుకుపోయింది. దాని బాధ తీర్చాలంటే కాల్చక తప్పదు. రైఫిల్ రిపేరుకి వెళ్ళింది. చిన్న తూటాతో ఒక్క దెబ్బకి ప్రాణం పోకపోతే? వెర్నా ఆ ఊహ భరించలేక ఫోన్ తీసింది.

"ఆరిన్, జూనిపర్ కాలు విరిగిందిరా. ఆ పెద్ద చక్రం ఉందా, విసిరేశావా?"

"వస్తున్నా."

మంచు తోసే బండి వెనకే వచ్చాడు. కోటు లోపలినుంచి ఫ్లానెల్ గుడ్డ మూట తీసి విప్పాడు. చక్రం నిగనిగలాడుతోంది. తుప్పు మచ్చ లేదు.

"తుపాకీ లేకుండా దీనికి నూనె ఎందుకు పెట్టావురా?"

"విసిరేద్దామనే ఏటి దాకా వెళ్ళానక్కా. చెయ్యి రాలేదు. నాన్నది కదా."

వెర్నా ఇరుసు లాగి చిన్న చక్రం తీసి, పెద్దది తోసింది. టిక్కుమని కూర్చుంది. బొటనవేలితో తిప్పింది. ప్రతి తూటా గదీ తుపాకీ గొట్టానికి ఎదురుగా వచ్చి ఆగుతోంది, వెంట్రుకవాసి తేడా లేదు. ఇన్నేళ్ళు విడిగా ఉన్న ఇనుము తన చోటు మర్చిపోలేదు. 

ఆరిన్ గుర్రం నుదురు నిమిరి, "పోయిరా తల్లీ" అని పక్కకి జరిగాడు. వెర్నా పెద్ద తూటా నింపి పేల్చింది. ఒక్కటే దెబ్బ. జూనిపర్ తల మంచులో వాలిపోయింది.

చాలాసేపటికి ఆరిన్ తన చక్రం కోసం చెయ్యి చాపాడు. వెర్నా దాన్ని తుపాకీలోనే ఉంచి, అతని అరచేతిలో చిన్న చక్రం పెట్టింది.

"మళ్ళీ నాకు తుపాకీ లేని చక్రమేనా?" ఏడుస్తూనే నవ్వాడు.

"మరి? మంచు కరిగితే నేల ఉడతలు పచ్చిక బయలంతా తవ్విపోస్తాయి. వాటిని కాల్చడానికి చిన్నదే కావాలి. పట్టుకురా."

ఆరిన్ దాన్ని అదే ఫ్లానెల్ గుడ్డలో చుట్టి కోటు లోపల పెట్టుకున్నాడు.