ఎనిమిదో సీడ్

సుధాకరరావు సింగపూర్‌లో, పాయా లేబర్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసేవాడు. రెండువేల సంవత్సరం రాగానే తేదీలన్నీ తారుమారవుతాయని, లోకమంతా కంప్యూటర్లు తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడుతున్న రోజులవి. కూతురు ప్రణవి కాలేజీ బాస్కెట్‌బాల్ కెప్టెన్. ఆ పిల్ల తన బంతిని ఎక్కడ మరిచిపోయినా, సాయంత్రానికి అదే లిఫ్టెక్కి టోవా పాయోలోని ఫ్లాటుకి వచ్చేసేది. దానికి బటన్ అందదు కనుక, కింద ఎవరుంటే వాళ్ళు నొక్కిపెట్టేవారు.

టోర్నమెంటు మొదలయ్యే శనివారం పొద్దున్న, ఇడ్లీ తుంచుతూ ఆయన తేల్చేశాడు.

“ఎనిమిది టీముల్లో ఎనిమిదో సీడ్. పైగా మొదటి సీడ్‌తో ఆట! ఓడిపోయి వచ్చెయ్. వచ్చే శనివారం నుంచి జావా క్లాసు.”

“సీడంటే రిజల్ట్ కాదు నాన్నా. గట్టి టీములు మొదట్లోనే కొట్టుకోకుండా వేసే వరస. అంతే లా,” అంది ప్రణవి అక్కడి యాసలో.

“అందరికన్నా ఎక్కువ మ్యాచులు గెలిచింది మీరేగా? మరి అడుగునెందుకు పడేశారు?”

“ఎన్ని గెలిచామనే కాదు, ఎవరి మీద గెలిచామో చూస్తారు. మాకు వీక్ టీములే తగిలాయి.”

“అదిగో, నువ్వే ఒప్పుకున్నావ్!”

“వాళ్ళు వీకైతే మేం వీకా?” అని నవ్వి, షూ లేసులు బిగించుకుని వెళ్ళిపోయింది. బంతి సోఫా కిందే ఉండిపోయింది.

మధ్యాహ్నం అది దొర్లుకుంటూ ఆఫీసుకొచ్చి ఆయన బూటుకి తగిలింది. మేనేజరు లిమ్ తలెత్తి చూశాడు.

“రావ్, యువర్ బాల్ కమ్ ఆల్రెడీ. గో లా.”

ఆయన విసుక్కుంటూనే దాని వెనక నడిచాడు. ట్రైన్‌లో ఒక ముసలమ్మ జరిగి దానికి చోటిచ్చింది.

కోర్టు చేరేసరికి ఆట చివరికొచ్చింది. స్కోరు సమంగా ఉంది. అవతలి పిల్లలు తాటిచెట్లలా ఉన్నారు. ఇంట్లో గట్టిగా మాట్లాడని ప్రణవి ఇక్కడ ఒక్క కేక వేస్తే టీమంతా కదులుతోంది. ముగ్గురు తనని చుట్టుముట్టినా తొణకలేదు. వాళ్ళ చేతుల సందులోంచి, ఎవరూ పట్టించుకోని పొట్టి పిల్లకి పాస్ ఇచ్చింది. ఆ పిల్ల బాస్కెట్ వేసింది. విజిల్ మోగింది.

ఒళ్ళో బంతి పెట్టుకుని కూర్చున్న సుధాకరరావు దాన్ని చంకన పెట్టుకుని లేచాడు. కూతురు ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఇప్పుడు మొదటి సీడ్ మీకిస్తారా?”

“ఇవ్వరు నాన్నా. ఎనిమిదో సీడే. కానీ వాళ్ళు వెళ్ళాల్సిన దారి ఇప్పుడు మాది.”

అంతలో జేబులో ఫోన్ మోగింది. జావా క్లాసు ఆయన.

“మా అమ్మాయికి శనివారాలు కుదరవండీ,” అని పెట్టేశాడు. “ఈసారి ఎవరితో?”

“నాలుగో సీడ్‌తో.”

“ఎన్నింటికి?” అన్నాడు సుధాకరరావు.